కాలికింది చెంపదెబ్బ

తోలుబొమ్మలాటలో దెబ్బ కనపడదు, వినపడుతుంది. హాస్యబొమ్మ బంగారక్క చెయ్యి ఆమె మొగుడు జుట్టుపోలిగాడి చెంపదాకా వచ్చిందో లేదో చూసేలోపే తెరవెనక ఠప్పుమంటుంది. ఆటగాడి రెండు చేతుల్లో బొమ్మల పుల్లలు, గొంతులో పాట. ఇక ఖాళీగా ఉన్నది కాలే. గజ్జె కట్టిన ఆ కాలు తొక్కే చెక్కపలకే రామరావణ యుద్ధానికి ఉరుము, మొగుడూ పెళ్లాల జగడానికి చెంపపెట్టు.

ఇటలీ ముసుగు నాటకాల్లో హాస్యగాళ్లు రెండు చెక్కబద్దలు జతచేసిన కర్రతో కొట్టుకునేవాళ్లు. తగిలేది కొంచెం, మోగేది బండెడు. మోటు హాస్యానికి ‘స్లాప్‌స్టిక్’ పేరు ఆ కర్రతోనే వచ్చింది. మనవాడు ఆ చెక్కను కాలికింద వేసుకున్నాడు. గడుసుతనంలో మనవాడికే నా ఓటు. గుడ్డమీద నీడలు తన్నుకుంటుంటే మోత నేలలోంచి వచ్చి, చాపమీద కూర్చున్న మన తుంటికీ తగులుతుంది.

హాస్యం శృంగారంలోంచి పుడుతుందన్నాడు భరతుడు. బంగారక్క, పోలిగాడి కాపురం చూస్తే కాదనలేం. వాడు సరసానికి వస్తాడు, అది రోకలెత్తుతుంది, నడుమ మరో హాస్యబొమ్మ కేతిగాడు పల్టీకొట్టి దూరి ఇద్దరి దెబ్బలూ తానే తింటాడు. నవ్వుల్ని ఆరు రకాలు చేసి, పన్ను కనపడని స్మితాన్ని ఉత్తములకూ, కన్నీళ్లొచ్చేలా డొక్కలు పట్టుకునే అతిహసితాన్ని అధములకూ పంచిపెట్టింది కూడా ఆ భరతుడే. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా పరుచుకున్న నెల్లూరు మెట్టలో ఆ మెట్లు నిలవవు. రెడ్డిగారూ డొక్కలు పట్టుకోవాల్సిందే.

బంగారక్కకు గొంతిచ్చేది చాలావరకు ఆటగాళ్ల ఇంటి ఆడవాళ్లే. ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీలోంచి వచ్చిన ఆరెభాష. తెరమీద తిట్టు మాత్రం నిఖార్సైన నెల్లూరు మెట్ట తిట్టు. అమ్మనుడి కాని భాషలో అంత కమ్మగా తిట్టాలంటే చెవి ఎంత పదునుండాలి! రామాయణం పద్యాలు వంశాన వస్తాయి, తిట్టు మాత్రం ఏ ఊరికాఊరు బావిగట్టున ఏరుకోవాలి. ఉదయగిరి వైపు ఆడితే ఆ ఊరి చెక్క గరిటె కూడా బంగారక్క చేతికి ఆయుధమవుతుంది.

నేను మరిచిపోలేని దృశ్యం వేరే. లక్ష్మణమూర్ఛ ఘట్టం. పద్యానికి అవ్వలు కళ్లొత్తుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే పోలిగాడు దిగాడు. ఆడని బొమ్మను తెరకు ముల్లుతో గుచ్చి వదిలేయడం వీళ్ల పద్ధతి కదా, మూర్ఛపోయిన లక్ష్మణుడు ఓ మూల అలాగే అతుక్కుని ఉన్నాడు. పక్కన రోకలి లేచింది, చెక్క మోగింది. మోగినప్పుడల్లా తెర ఊగుతోంది, తెరతోపాటు లక్ష్మణుడి భుజాలూ.

ముందు వరసలో పిలకాయొకడు లేచి నిలబడి అరిచాడు: “అవ్వా, లచ్చుమన్న నవ్వతా ఉండాడే!”