మామిడిపండు, నేతికుండ, ఇనుప రోకలి

కడియపులంక నర్సరీల్లో మామిడికి అంటు కట్టే చేతుల్ని ఓసారి దగ్గరగా చూడండి. టెంక నుంచి లేచిన మొక్కకి ముందు తల కోసేస్తారు. మిగిలిన కాండాన్ని నిలువునా చీల్చి, మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొనని రెండు వైపులా చెక్కి అందులోకి దింపుతారు. బెరడు కింద పచ్చపొరలు రెండూ ఆనుకోవాలి. పైన పాలిథిన్ పట్టీ బిగించి కడతారు. అతుక్కుందంటే ఇక వేరు ఒకరిది, చిగురు ఇంకొకరిది. ఇదే పని మనిషికి చేస్తే? బాడీ హారర్, అంటే శరీరమే వికటించి భయపెట్టే కథ, పుట్టేది సరిగ్గా ఈ ప్రశ్నలోంచే.

మేరీ షెల్లీ తన నవలలో అతుకుల మనిషిని 1818లో లేపి కూర్చోబెట్టింది. ఈ కడియపులంకకి దగ్గర్లోని రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో, నన్నయ ఆ పని తెలుగులో 11వ శతాబ్దంలోనే చేశాడు. మహాభారతం సభాపర్వంలోని జరాసంధుడే ఆ అతుకుల మనిషి. అక్కడా మామిడిపండే! ముని ఇచ్చిన ఒక్క పండుని బృహద్రథుడి ఇద్దరు రాణులూ చెరిసగం తిన్నారు. చెరో సగం బిడ్డని కన్నారు: ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక కాలు, సగం మొహం. దాదులు ఆ ముక్కల్ని మూటగట్టి బయట పారేశారు. జర అనే రాక్షసి మోసుకుపోవడానికి వీలుగా ఉంటాయని రెండింటినీ దగ్గరికి చేర్చింది. అవి అతుక్కుని బిడ్డ ఏడ్చాడు.

ఈ కథలో నన్ను వణికించేది రాక్షసి కాదు, మోత సులువు కోసం చేసిన ఆ సర్దుబాటు. శపించాలనో బతికించాలనో ఆమె అనుకోలేదు.

ఆదిపర్వంలో గాంధారి కథా ఇదే తీరు. రెండేళ్లు మోసి, విసిగి, కడుపు బాదుకుంటే ఇనుపగుండులాంటి మాంసపు ముద్ద పడింది. వ్యాసుడు కేకలేమీ పెట్టలేదు. చన్నీళ్లు చల్లించి, 101 ముక్కలు చేయించి, నేతికుండల్లో దాయించాడు. ఊరగాయ జాడీలు సర్దుతున్నంత నింపాదిగా సాగుతుంది ఆ ఘట్టం. మన పాతవాళ్ల పనితనమంతా అందులోనే ఉంది. నెత్తురు తక్కువ, ఇంటిపని ఎక్కువ. తర్వాత ఓ వంశమంతా కూలిపోవడానికి ఆ కుండలే మొదలని చదివేవాడికి తెలుసు, పాత్రలకి తెలియదు.

ఇక శరీరంతో పాటు లోకమూ ఎలా కూలుతుందన్నది మౌసల పర్వం చెబుతుంది. దాన్ని తెలుగు చేసింది తిక్కన. కురుక్షేత్రం అయిపోయిన 36 ఏళ్లకి యాదవ కుర్రాళ్లు సాంబుడికి ఆడవేషం వేసి, ఈమెకి ఏ బిడ్డ పుడుతుందని మునుల్ని ఆటపట్టించారు. ముసలం పుడుతుందన్నారు మునులు. మగవాడి ఒంట్లోంచి ఇనుప రోకలి వచ్చింది. పొడిచేసి సముద్రంలో కలిపారు. ఆ తర్వాత వ్యాసుడు వరసబెట్టే శకునాలు చూడండి: నిద్రపోయేవాళ్ల జుట్టూ గోళ్లూ ఎలుకలు కొరుకుతాయి, అప్పుడే వండిన అన్నంలో పురుగులు తేలతాయి, ఆవు కడుపున గాడిద పుడుతుంది. చివరికి యాదవులు ఒడ్డున తుంగ పీకితే ప్రతి పోచా రోకలై, వాళ్లలో వాళ్లే కొట్టుకు చచ్చారు. ద్వారకని సముద్రం మింగింది.

షెల్లీ కూడా 1826లో ‘ది లాస్ట్ మ్యాన్’ రాసి మహమ్మారితో మనుషుల్ని తుడిచిపెట్టింది. కానీ శరీరం వికటించడాన్నీ లోకం కూలడాన్నీ ఆమె రెండు నవలల్లో పెడితే, మౌసలం రెండింటినీ ఒకే రోకలికి కట్టేసింది. నాకు ఇదే పైచేయిగా తోస్తుంది.

యండమూరి ‘తులసిదళం’ తర్వాత మన దగ్గర భయమంటే చేతబడి అనే లెక్క స్థిరపడిపోయింది. అది గట్టి నవలే. దాని వెనకాల వచ్చిన పుర్రెలూ నిమ్మకాయలతోనే విసుగు. గోదావరి కాలువలు ఎండిపోయిన కాలంలో కడియపులంక నర్సరీ ఒకటి, అందులో మనుషులకి అంటు కట్టే కుటుంబం ఒకటి ఊహించి ఎవరైనా రాస్తే, మంత్రగాడి అవసరమే పడదు. తేల్చుకోవాల్సిందల్లా ఎవరి వేరు మీద ఎవరి తల కడతారు, ఆ వేరు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఎవరు అన్నదే.