‘అల్ మూమియా’ చలనచిత్రం: పరిరక్షణ భావన – విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక:
సమాధులలోని మమ్మీలను వెలికితీసి ప్రదర్శనశాలకు చేర్చడాన్నే పరిరక్షణగా భావించడం పరిపాటి. ఈ భావనను నైతిక సమస్యగా మలచిన చిత్రం ఈజిప్టు దర్శకుడు షాదీ అబ్దెల్ సలామ్ రూపొందించిన ‘అల్ మూమియా’ (1969). హత్షెప్సుత్ ఆలయం నెలకొన్న దేర్ ఎల్ బహారీలో 1881లో జరిగిన సంఘటన దీనికి ఆధారం. అబ్దెల్ రసూల్ కుటుంబం గుట్టుగా దోచుకుంటున్న సమాధిలో మొదటి సేతి, రెండవ రామెసెస్ వంటి రాజుల మమ్మీలు అప్పుడే బయటపడ్డాయి.

చిత్రంలోని సంఘర్షణ:
తండ్రి మరణించిన తరువాత తెగ పెద్దలు ఈ రహస్యాన్ని వనీస్‌కు, అతని అన్నకు తెలియజేస్తారు. తాము తిన్న తిండి మృతుల నగల నుండి వచ్చిందని వారికి బోధపడుతుంది. అమ్మకాన్ని నిరాకరించిన అన్న హత్యకు గురవుతాడు. చివరకు వనీస్ కైరో నుండి వచ్చిన పురావస్తు అధికారి అహ్మద్ కమాల్‌కు విషయం వెల్లడిస్తాడు. శవపేటికలు ఓడకు చేరే వేళ అతడు ఏకాకిగా మిగులుతాడు. దోపిడీ ఆగింది, తెగకు జీవనాధారమూ పోయింది. ఈ రెండు సత్యాలలో దేనినీ తక్కువ చేయకపోవడం చిత్రానికి ప్రధాన బలం.

చరిత్రతో పోలిక:
వాస్తవానికి ఆ సమాధిని ఖాళీ చేయించినవాడు ఎమిల్ బ్రుగ్ష్. కమాల్ ఆయన వెంట ఉన్నాడు. చిత్రం కమాల్‌నే నాయకునిగా నిలిపింది. ఈజిప్టు గతాన్ని ఈజిప్టువారే చదవాలన్న ఆశయం ఇందులో వ్యక్తమవుతుంది; అది సమర్థనీయమే. కాని ఈ మార్పు వలన ఒక చారిత్రక దోషం మరుగున పడింది. దోపిడీ భయంతో బ్రుగ్ష్ కొద్ది రోజులలోనే సమాధిని ఖాళీ చేయించాడు. స్వయంగా ఛాయాగ్రాహకుడై ఉండి కూడా, ఏ పేటిక ఎక్కడ ఉన్నదో తెలిపే ఛాయాచిత్రాలు తీయలేదు, పటం గీయించలేదు. ప్రాచీన పూజారులు దొంగల బారి నుండి కాపాడేందుకే ఆ మమ్మీలను అక్కడికి తరలించారు. ఏ క్రమంలో తరలించారో చెప్పగల ముఖ్య సాక్ష్యం పేటికల అమరికలో ఉండేది. అది శాశ్వతంగా చెదిరిపోయింది.

ముగింపు:
మృతుల సంపద ఎవరిది అన్న ప్రశ్నను ఈ చిత్రం లోతుగా వేసింది. దానిని ఏ పద్ధతిలో వెలికితీయాలన్న ప్రశ్నను మాత్రం స్పృశించలేదు. స్థలసందర్భాన్ని నమోదు చేయని పరిరక్షణ, వస్తువును నిలిపినా దాని చరిత్రలో కొంత భాగాన్ని పోగొడుతుంది. దొంగ చేసే నష్టంలోనూ అధిక భాగం ఇదే. కనుక ‘అల్ మూమియా’ను అధ్యయనం చేసే పరిశోధకులు వనీస్ అంతర్మథనంతోపాటు సమాధి ఖాళీ అయిన తీరును కూడా పరిశీలించవలసి ఉంది.