దూలంలో చెద ఉందని ముందు చెప్పేదెవరు?

గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. బాగుచేయించుకుందామని మొదలుపెట్టి, సగంలో డబ్బూ ఓపికా అయిపోయి, పడగొట్టి డాబా వేసుకోవడమే నయమనుకున్న ఇళ్ళు వాటిలో ఉన్నాయి. అయితే పాత ఇంటిని నిలబెట్టే పద్ధతి మన మేస్త్రీలకు తెలుసు. అందులో సున్నానికీ కలపకీ ఎంత స్థానముందో, పనివాళ్ళతో ఇంటివాళ్ళు మసలుకునే తీరుకీ అంతే ఉంది.

ఒక వానాకాలం చూడాలి

మండువా ఇంటికి నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికి వాలి, వాన నీళ్ళన్నీ మండువాలో పడి, తూము గుండా బయటికి పోతాయి. రెండు వాలులు కలిసే మూలల్లో నీరు ఎక్కువగా చేరుతుంది కాబట్టి మొదట కారేది అక్కడే. ఎక్కడెక్కడ కారుతుందో, గోడ మీద చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కుతుందో వాన పడుతున్నప్పుడే బొగ్గుతో గుర్తు పెట్టుకోవాలి. ఎండాకాలంలో చూసి వేసిన అంచనా తొలకరికే తప్పుతుంది.

తరవాత వడ్రంగిని పిలవాలి. దూలాన్ని సుత్తితో తడుతూ పోతే గట్టి కలప ఒకలా, చెద తిన్నది డొల్లగా మోగుతుంది. దూలం గోడలో కూర్చున్న కొసని మరీ జాగ్రత్తగా చూడాలి. గోడ చెమ్మ పీల్చి అక్కడే ముందుగా పుచ్చుతుంది. చెద లోపలంతా తినేసి పైపొర వదిలేస్తుంది గనక కంటికి ఏమీ కనపడదు.

పెంకుల లెక్క కూడా అప్పుడే తేలాలి. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టాక ఒకదానిలో ఒకటి గాడి పడే పెంకులు మన వాడుకలోకి వచ్చాయి. ఆ గాడి వల్ల కప్పు విప్పి, మంచి పెంకుల్ని మళ్ళీ నేయడం తేలికవుతుంది. కానీ ఒక ఫ్యాక్టరీ పెంకు మరో ఫ్యాక్టరీ పెంకులో సరిగా ఇమడదు. పగిలినవాటికి బదులు అదే ముద్ర ఉన్నవి ఎక్కడైనా ఇల్లు పడగొడుతుంటే ముందే కొని దాచుకోవాలి.

కార్తెలతో లెక్క

కప్పు విప్పే పని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి రోహిణి కార్తె లోపల ముగించాలి. మృగశిర వచ్చేసరికి నెత్తిన పెంకు ఉండాలి. ఈ మధ్యలోనే దాళ్వా కోతలు వస్తాయి, పెళ్ళిళ్ళు వస్తాయి, మనుషులు దొరకని వారాలుంటాయి. వాటిని ముందుగానే తీసేసి, మిగిలిన రోజుల్లోనే పని ఇమిడేలా చూసుకోవాలి.

కప్పు విప్పేటప్పుడు ఒకవైపే ఖాళీ చేస్తే బరువు రెండోవైపు ఒరిగి వాసాలూ గోడలూ కదులుతాయి. అందుకని తెలిసిన మేస్త్రి కింద ఊతాలు నిలబెట్టించి, నడికొప్పుకి రెండు పక్కలా సమానంగా దింపిస్తాడు. విప్పిన ప్రతి వాసానికీ అంకె వేయిస్తాడు. సున్నం పనికి ఇంకా ముందు నుంచే ఏర్పాటు కావాలి. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో వారాల తరబడి నాననివ్వాలి, ఇసుకతో కలిపి గానుగ పట్టించాలి, పలచని పూతలుగా వేస్తూ పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వాలి. తొందరపడి పాత సున్నపు గోడకి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్ళకి ఆ పూత పెచ్చులుగా ఊడుతుంది.

గుత్తకి ఇచ్చేదేది, ఇవ్వనిదేది

ఎంత చూసినా విప్పితే తప్ప తెలియనిది పాత ఇంట్లో చాలా ఉంటుంది. మొత్తం అంచనాలో ఐదోవంతైనా దానికోసం విడిగా ఉంచాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పుచ్చిన కొసని మొదట చూసేది నిచ్చెన మీదున్న పనివాడు. అతను ఆ మాట కిందున్న ఇంటివాళ్ళకి చెప్పాలి.

పనంతా గుత్తకి ఇచ్చేస్తే చెప్పడం వల్ల నష్టపోయేది అతనే. దూలం మార్చాలంటే నాలుగు రోజులు పడుతుంది, ఆ కూలి అతని లాభంలోంచి పోతుంది. కొత్త పలక ఒకటి కొట్టి కప్పేస్తే ఎవరికీ తెలియదు. కాబట్టి నేల, రంగులు, కొత్త గోడల్లాంటి కంటికి కనిపించే పని గుత్తకి ఇవ్వొచ్చు. విప్పి చూసి తేల్చుకోవాల్సిన కప్పు పనీ కలప పనీ రోజుకూలికే చేయించుకోవాలి. లోపం చూపించినవాడిని "ఇంకా ఖర్చు పెంచుతున్నావా?" అని ఒక్కసారి కసురుకుంటే, ఆ తరవాత ఎవరూ ఏదీ చూపించరు. "మంచి పని చేశావు మేస్త్రీ, రేపే మార్చేద్దాం" అన్న మాట పనివాళ్ళందరి చెవినా పడాలి.

మర్యాద కూడా పనిముట్టే

మన పెద్దలు ఇది ఎరిగినవాళ్ళు. ద్వారబంధం నిలబెట్టేనాడు పసుపు కుంకుమలతో పూజ చేసి వడ్రంగికి తాంబూలం ఇవ్వడం, గృహప్రవేశంలో మేస్త్రీకీ వడ్రంగికీ బట్టలు పెట్టడం ఆనవాయితీ. పదిమంది ముందు ఆ గౌరవం అందుకోబోయేవాడికి ఆ ఇంటి మంచిచెడ్డలు తనవిగా తోస్తాయి. శనివారం కూలి బట్వాడాని ఆదివారానికి వాయిదా వేయకపోవడం, ఎండలు ముదిరాక పెంకు మీద పని తెల్లవారగానే మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం దింపేయడం, పనిచేసే పిల్లవాడిని పేరు పెట్టి పిలవడం కూడా ఆ మర్యాదలో భాగాలే.

అంచనా రాసుకునే కాగితంలో పెంకు, సున్నం, కలప పక్కన పనివాళ్ళ బట్టలకీ భోజనాలకీ కూడా ఒక పద్దు ఉండాలి. ఇంటిని కాపాడే ఖర్చుల్లో అది బహుచిన్నది. దాన్ని మిగుల్చుకోవాలని చూసిన ఇంట్లో పుచ్చిన దూలం సంగతి కప్పు నేసేశాకే బయటపడుతుంది.