ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఓడ

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. సోమవారం ఆఫీసు పని ఉండి ముందురోజే వచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగిన మా బడి టీచర్లం ఇద్దరం, టీ తాగి నడుచుకుంటూ అక్కడికి వెళ్ళాం. పట్నం వచ్చినప్పుడల్లా బడి లైబ్రరీ కోసం నాలుగు పుస్తకాలు ఏరుకోవడం మాకు అలవాటు. గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాల కుప్పల మధ్య ‘ది డీప్’ కనపడింది. ‘జాస్’ రాసిన పీటర్ బెంచ్లీ 1976లో రాసిన నవల. యాభై అన్నాడు, నలభైకి ఇచ్చాడు. మా పిల్లలు థ్రిల్లర్లు కావాలంటున్నారు, అందుకని కొన్నాం. మా ఇంగ్లీషుకు నవల సగం దాకానే లొంగింది. 1977లో పీటర్ యేట్స్ తీసిన సినిమా మాత్రం మొత్తం చూశాం. ఇక్కడ మాట్లాడేది ఆ సినిమా గురించే.

బెర్ముడా దీవికి సెలవులకు వచ్చిన జంట డేవిడ్, గెయిల్. సముద్రం అడుగున మునిగిన ఓడ దగ్గర వాళ్ళకు ఒక పాత పతకం, ఒక చిన్న గాజు మందుసీసా దొరుకుతాయి. ఆ ఓడ పేరు గోలియత్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మందుగుండు, మందులు మోస్తూ మునిగింది. సీసాలో ఉన్నది మార్ఫిన్. పతకం మాత్రం గోలియత్‌ది కాదు, దాని కిందే పడి ఉన్న మరింత పాత స్పెయిన్ ఓడది. ఇన్నేళ్ళూ కనపడనివి ఇప్పుడెలా కనపడ్డాయి? ఈమధ్య వచ్చిన తుపాను అడుగున దాగినదాన్ని బయటపెట్టింది.

ఈ ఎత్తుగడ మాకు బాగా నచ్చింది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు లేచి దిగినప్పుడు, ఒడ్డు వెనకటి ఒడ్డు కాదు. ఒకరి చేను ఇసుక కింద పోయింది, ఇంకొకరి గట్టు కోసుకుపోయింది. వరద తీశాక ఏం బయటపడిందో చూడటానికి చిన్నప్పుడు మేమూ పరిగెత్తినవాళ్ళమే.

ఇంకొకటి కూడా నచ్చింది. బంగారం దొరికితే చాలదు, అది ఏ ఓడది, ఎవరికోసం బయల్దేరింది అని పాత కాగితాలతో రుజువు చేయాలంటాడు ట్రీస్ అనే ముసలి ఈతగాడు. అందుకని కథ మధ్యలో కాగితాలు వెతుకుతారు. ఆ భాగం మాలో ఒకరికి విసుగు పుట్టించింది, ఇంకొకరికి సినిమాలో అదే మంచి భాగం అనిపించింది. ట్రీస్‌కు నమూనా టెడ్డీ టక్కర్ అనే నిజమైన బెర్ముడా ఈతగాడు. ఆయనకు 1955లో పచ్చలు పొదిగిన బంగారు శిలువ దొరికింది. 1975లో చూస్తే మ్యూజియంలో దాని చోట నకిలీది ఉంది. అసలుది ఏమైందో ఈనాటికీ తెలియదు. ఈ నిజం ముందు సినిమా మిస్టరీ చిన్నబోతుంది.

ఇక మాకు గుచ్చుకున్న సంగతి. ఈ సినిమాలో విలన్ క్లోషే, హైతీ దేశపు నల్లవాడు. మార్ఫిన్ కోసం వెంటపడతాడు. గెయిల్‌ని భయపెట్టడానికి అతని మనుషులు కోడికాలితో ఆమె ఒంటికి రక్తం పూస్తారు. అది వూడూ అట. వూడూ అంటే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం నిలబెట్టుకున్న మతం, వాళ్ళ దేవతలు, వాళ్ళ వైద్యం. ఆ బానిసలే తిరగబడి 1804లో హైతీకి స్వతంత్రం తెచ్చుకున్నారు. సినిమాకు అందులోంచి కోడికాలు ఒక్కటే పనికొచ్చింది. క్లోషేగా వేసిన లూయీ గాసెట్ జూనియర్ తర్వాత ఆస్కార్ అందుకున్న నటుడు. అంతటివాడికి చివర్లో దక్కింది పాము లాంటి పెద్ద చేప నోట్లో చావు. నీళ్ళ కింద దృశ్యాలు ఎంత గొప్పగా తీసినా, ఈ చేదు పోలేదు.

ఎందుకంటే ఆ కోడికాలు మా బడిలోకి ఎప్పుడో వచ్చేసింది. నిరుడు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు గోడపత్రికకు కథ రాశాడు. అడవిలో గుహ, గుహలో నిధి, పట్నం నుంచి జీపులో వచ్చిన హీరో, పుర్రెల దండతో కోయ మంత్రగాడు. రాసిన పిల్లాడు కోయవాడే. “ఏరా, మీ తాత ఇలాగే ఉంటాడా?” అని అడిగాం. “మా తాత కాదు సార్, కథలో కోయోడు” అన్నాడు. వాడి తప్పేముంది? ఈకలు పెట్టుకుని జోస్యం చెప్పే కోయదొర వేషాన్ని తెలుగు సినిమాల్లో మనమూ చూసి నవ్వాం కదా!

రుజువు సంగతికే మళ్ళీ వద్దాం. గోలియత్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు కాఫిన్. ఆ రాత్రిని కళ్ళతో చూసినవాడు. అతన్ని చివరికి ద్రోహిని చేశారు. కాగితం నమ్మదగింది, ముసలివాడు కాదు! అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నిబంధనల్లో 13వది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అందరూ చదవాలి. హక్కు కోరేవారు కాక ఊళ్ళో ఇతర పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే అంటుంది. బావి, శ్మశానం, దేవర చోటు కూడా సాక్ష్యాలే. ఒక మంచి మిస్టరీకి కావలసిన ఆధారాలన్నీ ఆ ఒక్క నిబంధనలో ఉన్నాయి.

సోమవారం పని అయ్యాక నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూశాం. ఆమె ఇంత దూరం ఎలా వచ్చిందో చెప్పే కథలో కొన్నవారు, కానుకగా ఇచ్చినవారు ఉన్నారు. తవ్వినవారు లేరు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు రాయల్ వశిష్ఠ మునిగింది. ఆ చోటును అక్కడివాళ్ళు కచ్చులూరు మందం అంటారు. అక్కడ నది ఎలా తిరుగుతుందో వాళ్ళకు తెలుసు. నాటుపడవలేసుకుని వెళ్ళి, కొట్టుకుపోతున్నవాళ్ళను ఒడ్డుకు లాగింది ఆ కొండ ఊళ్ళ గిరిజనులే. అక్టోబర్ 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం బోటును బయటికి తీసింది. వాళ్ళ శ్రమ, నేర్పు తక్కువవి కావు. వాటిని టీవీలన్నీ రోజుల తరబడి చూపించాయి. మొదటి గంటలో నాటుపడవలు నడిపినవాళ్ళ ముఖాలు మాత్రం మాకు గుర్తులేవు.

ఊరికొచ్చాక ఇదంతా ఆ పిల్లాడికి చెప్పాం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. కచ్చులూరు కథ రాయమన్నాం, పడవేసుకుని వెళ్ళినవాడి కళ్ళతో. చాలాసేపు ఆలోచించి, “మరి ఇందులో విలన్ ఎవరు సార్?” అన్నాడు. మేం ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. రాస్తే నీకే తెలుస్తుందన్నాం. ఇప్పటికి నాలుగు పేజీలయ్యాయి. వాళ్ళ తాత వల బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చుని ఉన్నాడు, బోటు ఇంకా రాలేదు.