అద్దం మీద కారు

బల్ల మీద చిన్న కారు. నాలుగు చక్రాలూ ఊడదీసి పక్కన పెట్టారు. చక్రాల చోట నాలుగు అల్యూమినియం చట్రాలు, వాటి మీద డిగ్రీల గీతలు. కారు నడిపే మనిషి ఒక కన్ను మూసి ఆ గీతల దాకా వంగి చూస్తాడు, బుల్లి స్పానర్‌తో ఒక కడ్డీని పావు చుట్టు తిప్పుతాడు, మళ్ళీ వంగుతాడు. జర్మనీలోనో జపాన్‌లోనో రేడియో కంట్రోల్ కార్ల పందేలు జరిగే చోట పిట్ బల్లల దగ్గర రోజంతా ఇదే వరస. ట్రాక్ మీద పందెం చూస్తే అయిదు నిమిషాలు!

ఈ పందేల్లో టూరింగ్ కార్ అంటే అసలు కారులో పదో వంతు. వెడల్పు 190 మిల్లీమీటర్లు, బరువు కిలో మూడువందల చిల్లర, చాసిస్‌కూ నేలకూ మధ్య ఖాళీ అయిదారు మిల్లీమీటర్లు. షిజువోకా నగరంలోని టమియా కంపెనీ 1976లో పోర్షే 934తో రేడియో కార్లలోకి దిగినప్పుడు ఇంత కొలతల గొడవ లేదు. పందేలు ముదిరాకే అది మొదలైంది.

మన హైవేల పక్కన ‘వీల్ అలైన్‌మెంట్’ బోర్డులు కొత్తేం కాదు. లారీ టైరు ఒక పక్కే అరుగుతుంటే డ్రైవరు అక్కడ ఆపుతాడు. అక్కడ వినిపించే క్యాంబర్, టో అనే మాటలే ఇక్కడా. చక్రం నిలువు నుంచి ఎంత వాలిందన్నది క్యాంబర్; పై నుంచి చూస్తే ముందు అంచు లోపలికో బయటికో ఎంత తిరిగిందన్నది టో. తేడా అల్లా సైజులో ఉంది. 63 మిల్లీమీటర్ల టైరు ఒక డిగ్రీ వాలిందంటే, పై అంచు కింది అంచు కన్నా మిల్లీమీటరు చిల్లర లోపలికి వచ్చినట్టు. ఉత్త కంటికి అది ఆనదు. అందుకే చక్రాలు తీసేసి, వాటి స్థానంలో బేరింగుల మీద తిరిగే చట్రాలు తగిలిస్తారు. ఈ సరంజామాకు పేరు మోసిన హూడి కంపెనీ స్లొవాకియాలోని ట్రెన్‌చీన్‌ది.

ఈ చట్రాలతో కారు వేగం పెరుగుతుందనుకుంటే పొరపాటు. కుడీ ఎడమా ఒక్కలా ఉండేటట్టు చూడటమే వీటి పని. ఈ మాట కొత్తవాళ్ళకు రుచించదు. కుడి మలుపులో బాగా తిరిగే కారు ఎడమ మలుపులో తోక తిప్పుతుంటే, మెత్తటి స్ప్రింగులు వేసినా గట్టివి వేసినా జబ్బు అంతుపట్టదు. కుదురుగా ఉన్న కారులో ఒక్క మార్పు చేస్తే దాని ఫలితం విడిగా తెలుస్తుంది. టమియా కారుతో 2004, 2008, 2010లలో ప్రపంచ చాంపియన్ అయిన జర్మన్ మార్క్ రైనార్డ్ స్థాయి ఆటగాళ్ళ సెటప్ షీట్లు, అంటే కారు కొలతలు రాసిన కాగితాలు, అందరికీ దొరుకుతాయి. ‘వెనక టో 3 డిగ్రీలు’ అన్న అంకె మన బల్ల మీదా అదే అర్థం ఇవ్వకపోతే, ఆ కాగితం దేనికి?

అన్నిటికన్నా ముందు కావలసింది చదునైన బల్ల. అమ్మేవాళ్ళు ఖరీదైన పలకలు చూపిస్తారు గానీ, దళసరి అద్దం ముక్క చాలు. దాన్ని రసమట్టంతో సరిచూసి, కింద కాగితం మడతలు పెట్టి కుదురు చేస్తే సగం పని అయినట్టే. ఆ తర్వాత షాక్ అబ్జార్బర్లు నాలుగూ విప్పి వర్నియర్‌తో పొడవులు పోల్చాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా మిగతా కొలతలన్నీ అబద్ధాలే. ఇక వరస: చక్రం ఎంత కిందికి దిగగలదో చెప్పే డ్రూప్, నేల నుంచి ఎత్తు, క్యాంబర్, టో. ఎత్తు మారితే క్యాంబర్ మారుతుంది, క్యాంబర్ సరిచేస్తే టో కదులుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు చివరికొచ్చాక మళ్ళీ మొదటికెళ్ళి ఇంకోసారి చూస్తారు. తిప్పే కడ్డీకి ఒక కొసన మామూలు మర, రెండో కొసన ఎడమ మర. ఎడమ మర వైపు చిన్న గాటు ఉంటుంది. గాట్లన్నీ ఒకే దిక్కుకు పెట్టి బిగించినవాడికి, పందెం హడావుడిలో ఏ వైపు తిప్పాలో ఆలోచించే పని తప్పుతుంది.

వీటన్నిటికన్నా మొండిది ట్వీక్, అంటే మెలి. నాలుగు కాళ్ళ మంచం గచ్చు మీద టకటకలాడినట్టు, కారు బరువు రెండు ఎదురు మూలల మీదే ఎక్కువగా పడుతుంది. దీనికి యంత్రాలున్నాయి, నాలుగు చక్రాల కింద నాలుగు బుల్లి కాటాలూ ఉన్నాయి. పాతకాపులు మాత్రం కత్తి తీస్తారు. చక్రాలు బిగించి, కారును అద్దం మీద నిలిపి, ముందు భాగంలో సరిగ్గా మధ్యగీత కింద కత్తి మొన పెట్టి నెమ్మదిగా లేపుతారు. ముందు టైర్లు రెండూ ఒకేసారి అద్దం వదలాలి. కుడిది ముందే లేచిందా, ఆ మూల తేలిపోయింది. వెంటనే స్ప్రింగు బిగించబోతారు చాలామంది; అది జబ్బును దాచడమే. ముందుగా, కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్ లంకె ఊడదీసి మళ్ళీ లేపాలి. ఇప్పుడు రెండూ కలిసి లేస్తే దోషం ఆ బార్‌ది. లేకపోతే చాసిస్ పై పలక మరలు వదులు చేసి, చాసిస్‌ను అద్దానికి అదిమిపట్టి, ఒక్కొక్కటే మళ్ళీ బిగించాలి. దెబ్బ తిన్న కారులో మెలి చాలాసార్లు అక్కడే దాక్కుంటుంది.

అసలు కత్తికన్నా ముందు కుడి ఎడమల తూకం చూసి ఉండాలి. చాసిస్ నడిమి గీత మీద ముందొకటి, వెనకొకటి చిన్న గుంటలుంటాయి. రెండు సూది మొనల మీద కారును అక్కడ ఆనించి వదిలితే, త్రాసులా బరువైన పక్కకు ఒరుగుతుంది. ఒక పక్క మోటారు, ఇంకో పక్క బ్యాటరీ. వైరు ఎటు నుంచి లాగారన్నది కూడా లెక్కకొస్తుంది. తేలిక పక్కన ఒక్కో బరువు బిళ్ళే అంటిస్తూ పోతే, కాసేపటికి కారు ఎటూ ఒరగక ఊగిసలాడి నిలబడుతుంది.

ఇంత చేసి ట్రాక్ ఎక్కితే, మొదటి మలుపులోనే వెనకవాడు గుద్దేయొచ్చు. కారు తిరిగి బల్ల మీదికొస్తుంది. బాడీ తీసి పక్కన పెడతారు, మళ్ళీ కత్తి చేతికందుతుంది.