టన్నెల్ వేసిన మెష్

కోరుట్లలో ఒక డాబా మీది రౌటర్ పక్క డాబా రౌటర్‌తో రేడియోలో మాట్లాడుతుంది. అది దాని పక్కదానితో. అలా వీధివాళ్లే అల్లుకునే నెట్‌వర్కే మెష్. కానీ పక్క ఊళ్లనూ ఇందులో కలపాలంటే, జగిత్యాల అక్కడికి 20 కిలోమీటర్ల పైచిలుకు, సిరిసిల్ల దానికి రెట్టింపు. మధ్యలో గుట్టలు. వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి 2007లో వైఫైని 382 కిలోమీటర్లు దూకించాడు, ఆ మహానుభావుడికి దండం! ఆయనకు ఎదురెదురుగా పర్వతాలున్నాయి మరి. మనకున్నది టన్నెల్.

అంటే మెష్ ప్యాకెట్‌ను ఇంకో కవర్లో పెట్టి, మామూలు ఇంటర్నెట్ మీద పంపి, అవతలి ఊళ్లో విప్పడం. మూడు ఊళ్లూ ఒకే వీధి అయిపోతాయి.

ఈ విద్యలో జర్మనీలో ఇలాంటి మెష్‌లు అల్లే ఫ్రైఫుంక్ వాళ్లను మించినవాళ్లు లేరని నా పక్షపాతం. మెష్‌లో ప్యాకెట్‌కు దారి చూపడానికి వాళ్లు రాసుకున్న బ్యాట్‌మన్ 2011లో లినక్స్ కెర్నెల్‌లోకే ఎక్కింది. ఓపెన్ వైఫైలో ఎవడో చేసిన తప్పుకు రౌటర్ పెట్టినవాడు జవాబు చెప్పాలని అక్కడి అప్పటి చట్టం అంటే, ట్రాఫిక్‌ను టన్నెల్‌లో స్వీడన్‌కు తీసుకెళ్లి బయటికి వదిలారు. ఎంత గడుసుదనం!

పనితనమంతా కొలతల్లో ఉంది. టన్నెల్ వేసే వైర్‌గార్డ్ మీద బ్యాట్‌మన్ నేరుగా నడవదు, మధ్యలో వీఎక్స్‌ల్యాన్ లాంటి ఇంకో కవర్ ఉండాలి. కవర్ మీద కవర్. బయట 1500 బైట్లు పట్టే చోట వైర్‌గార్డ్ లోపల మామూలుగా 1420కి మించి పట్టవు, పై కవర్లు ఇంకొంత తింటాయి. ఆ లెక్క తప్పితే మెసేజ్ వెళ్తుంది, పెళ్లి ఫొటో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. తెలియనివాడు కేబులాయన్ని తిడతాడు. తెలిసినవాడు ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే బైట్ల హద్దు, తగ్గిస్తాడు. పక్క డాబాకు రేడియో ఉండగా ప్యాకెట్లు టన్నెల్ ఎక్కి ఊరంతా తిరిగి రాకుండా టన్నెల్‌కు హాప్ పెనాల్టీ, అంటే ఆ దారికి వేసే జరిమానా, పెంచుతాడు. మన ఇళ్ల కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు కాబట్టి, అద్దె సర్వరొకటి మధ్యలో పెట్టి 25 సెకన్లకోసారి పలకరింపు పంపిస్తాడు, దారి మూసుకుపోకుండా.

టన్నెల్ అంటేనే మోసమని మొహం చిట్లించే హామ్ రేడియో పెద్దలున్నారు. ఇంటర్నెట్ పోతే టన్నెల్ పోతుంది, నిజమే. ఊళ్లోని మెష్ నిలబడే ఉంటుందిగా!

నాకు ఒళ్లు మండేది వేరే దానికి. ఇప్పుడు షాపుల్లో మెష్ అని అమ్ముతున్న తెల్ల డబ్బాలు ఒక ఇంటి మూడు గదుల కోసం. పక్కింటితో మాట కలపవు. చాలావాటికి కంపెనీ యాప్ కావాలి, అకౌంట్ కావాలి. కంపెనీ చేతులెత్తేస్తే డబ్బా అటక మీదికే. పేరు దొంగిలించి పొరుగును వదిలేశారు!

పొరుగును కలిపేవాళ్లూ ఉన్నారు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే మన స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు పల్లెల్లో ఫ్రీడమ్‌బాక్స్ అనే చిన్న సర్వర్ పెట్టి వైఫై ఇచ్చారు. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఎక్కువ భాగాన్ని 2018లో ఆరుబయట వాడుకోవడానికీ లైసెన్స్ లేకుండా వదిలారు. ఇంకేం అడ్డం? మగ్గాల షెడ్లున్న సిరిసిల్లలో డాబాలకు కొదవా? ఈ మెష్ నెట్ కనెక్షన్ పంచుకోవడానికి కాదు, పాఠాలు, ఫైళ్లు, ఊరి ముచ్చట్లు ఊళ్ల మధ్య తిరగడానికి. జగిత్యాల, కోరుట్ల కుర్రాళ్లారా, ముందు నాలుగు డాబాలు కలపండి. టన్నెల్ తర్వాత. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కే పాత రౌటర్ ఉంటే అటక మీది నుంచి దించండి.