కట్టు కడుతూ మాట్లాడాలి

ఈ అండమాన్ ఉక్కపోతలో ఒక పిల్ల పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా గుండీ పెట్టుకుని, వారంలో మూడోసారి తలనొప్పంటూ మా బడి సిక్‌రూమ్‌కి వస్తే, మాత్రిచ్చి పంపెయ్యలేను. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను.

మా షాదీపూర్ తెలుగు పిల్లలకి బళ్ళో నోరు తెరిస్తే హిందీయే. తనే గాయాలు చేసుకున్న చెయ్యి చూపించాక మాత్రం ఆ పిల్లకి తాతలనాటి శ్రీకాకుళం మాటే వచ్చింది. "సిస్టర్, మా ఇంట్లో సెప్పకండి."

నేను అయ్యో అనలేదు. కాలిన చేతికి ఎలా చేస్తానో అలాగే సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డ పెట్టి, కట్టు కట్టాను. కడుతున్నంతసేపూ ఇద్దరం ఆ చేతినే చూస్తుంటాం. కళ్ళలోకి చూడక్కర్లేనప్పుడు పిల్లలకి మాట వస్తుంది.

పూర్వం ఒక అమ్మాయి చేత "ఇంకెప్పుడూ చెయ్యను" అని అమ్మ మీద ఒట్టేయించుకున్నాను. ఆ పిల్ల గాయం చేసుకోవడం మానలేదు, నా దగ్గరికి రావడం మానేసింది. ఆ తప్పు నాది. అప్పట్నుంచి ఒట్టు అడగను.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని మాత్రం సూటిగా అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామంది చావడానికి కాదు, లోపలి బాధ ఓర్చుకోలేక ఇలా చేసుకుంటారు. అయినా ముందుముందు ప్రాణానికి ముప్పు పెరుగుతుంది కాబట్టి అడిగి తీరాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వను. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో కలిసి ఆలోచిద్దామంటాను.

ఇలాంటి గాయాలని వేషాలనే టీచర్లున్నారు. పోలీసు కేసవుతుందని భయపడి టీసీ చేతిలో పెట్టే బళ్ళూ ఉన్నాయి. అది అన్యాయం. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళనే తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడాలి, శిక్షించకూడదు అంటోంది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. సాయం కోసం చెయ్యి చాపిన పిల్లని బడి నుంచి గెంటేస్తే ఇంకెక్కడికి పోతుంది?

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. మీ బడి సిక్‌రూమ్ తలుపుకి లోపలి వైపు రాసి పెట్టండి, పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు కనబడేలా.